పోతమ్మకు పడని రొయ్యలు

పోతమ్మకు రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయన్నది పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని ఆవిడ మా కంచరపాలెం వీధుల్లో ఏళ్ల తరబడి చేపల గంపతో పాటు మోసుకు తిరిగింది. మేమందరం నమ్మాం. ఆవిడ మొగుడూ నమ్మాడు. ఆఖరికి ఓ పెద్దాసుపత్రి కూడా నమ్మింది. నమ్మినవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. నోరు పోయింది మాత్రం ఆవిడకే.

నేను ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తాను. పేరు చెప్పను, నాకింకా ఆ జీతమే దిక్కు. మెదడు ఆపరేషన్లు జరిగే థియేటర్లో మైక్రోస్కోపు చూసుకునే టెక్నీషియన్ని. నన్ను తాతబాబు అంటారు. మా నాన్న పోర్టులో ఖలాసీ పనికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు ఊహ తెలిశాక మా ఇంట్లో చేప వండారంటే అది పోతమ్మ గంపలోదే.

ఆవిడది భీమిలి దగ్గర జాలరి పల్లె. పెళ్లయి విశాఖపట్నం జాలరిపేటకు వచ్చింది. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్లో చేపల వేలం పాటకు నిలబడి, గంప నింపుకుని, ఆటోలో మా వైపు వచ్చేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు. రైల్వే గేటు దగ్గర దిగి ఓ కేక వేసిందంటే మా వీధిలో పిల్లులన్నీ గోడ దిగేవి. బేరమాడేవాళ్లంటే ఆవిడకు ఇష్టం. నోరు మూసుకుని కొనేవాళ్లను అనుమానంగా చూసేది. మా పక్కింటి రిటైర్డు మాస్టారు ప్రతి చేపకూ మొప్పలు ఎత్తి ఎత్తి చూస్తుంటే, "ఏటి బాబూ, పెల్లిసూపులు సూత్తన్నావా? కట్నం కూడా అడిగీ మరి" అని వీధంతా వినేట్టు అనేది. మాస్టారు సిగ్గుపడి రెండు చేపలు ఎక్కువ కొనేవాడు.

నన్నయితే అసలు వదిలేది కాదు. "గోదారోల్లకి పులస తప్పితే ఇంకో సేప కంటికి ఆనదు. మా సముద్రంలోయి సేపలు కావేటి, సెప్పులా?" అని గంప దించకముందే మొదలుపెట్టేది. నేను ఆవిడను అక్కా అనేవాణ్ని. ఆవిడ నాకు పెళ్లి సంబంధం కూడా చూసింది, కుదరలేదు గానీ, ఆ పిల్ల తండ్రిని హార్బర్లో నెల్లాళ్లపాటు తిట్టింది. ఆ నోటితోనే కొనేది, దానితోనే అమ్మేది. వెంటపడే తాగుబోతులకు సమాధానం చెప్పేది, పోలీసు జరగమంటే జరగనని చెప్పేది కూడా దానితోనే. మొగుడు సత్యం బోటు మీద వేటకు పోతే వారాల తరబడి రాడు. వచ్చినా తాగుడుకి పోను ఇంట్లోకి ఇచ్చేది ఏమీ ఉండదు. ఇల్లు నడిచింది పోతమ్మ గొంతు మీదే.

ఇక ఆ అబద్ధం సంగతి. హుద్‌హుద్ తుపానుకు ముందు ఏడాది సత్యం ఎక్కిన బోటు ఇంజను ఆగిపోయి ఒరిస్సా వైపు కొట్టుకుపోయింది. రోజులు గడిచినా కబురు లేదు. ఆ ఇంట్లో ఓ పద్ధతి ఉంది. అత్త అప్పాయమ్మ తన అత్త దగ్గర నేర్చుకున్నదట. సముద్రంలో చిక్కుకున్న మగాడి కోసం ఇంట్లో ఆడది తనకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి గంగమ్మ తల్లికి వదిలేస్తుంది. ఎందుకు వదిలిందో ఆ మగాడి చెవిన మాత్రం పడకూడదు. పడితే ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నట్టే, అమ్మ కూడా మనిషిని వెనక్కి తీసుకుంటుందని భయం. పోతమ్మకు రొయ్యలంటే ప్రాణం. అవే వదిలింది. సత్యం తిరిగొచ్చాడు.

వచ్చినవాడు పెళ్లాం రొయ్యలు ముట్టకపోవడం చూసి అడగడా మరి? జ్వరం వచ్చి తగ్గాక దద్దుర్లు మొదలయ్యాయని చెప్పింది. తర్వాత అందరికీ అదే చెప్పింది. మా ఆవిడ ఓసారి వేడివేడి రొయ్యల వేపుడు గిన్నెలో పెట్టి ఇస్తే పోతమ్మ మోచెయ్యి గోక్కుని మరీ చూపించింది. "వద్దమ్మా, వాసన తగిల్తేనే ఒల్లు మండిపోతాది" అంది. మేం నవ్వాం. చేపలమ్మే మనిషికి రొయ్యలు పడకపోవడమేమిటని వీధిలో అదో వేళాకోళం. ఆవిడా మాతో పాటే నవ్వింది. గిన్నె వైపు చూడకుండా నవ్వింది.

గత ఏడాది ఓ ఉదయం హార్బర్లో వంజరం చేపల వేలం పాట జరుగుతుండగా కేక సగంలో ఆపేసి, రెండు చేతులతో తల పట్టుకుని, కూలబడి వాంతి చేసుకుంది. తోటి ఆడవాళ్లు ఆటోలో వేసుకుని స్కాన్ సెంటరుకు తీసుకెళ్లారు. చేతి నరంలోకి మందు ఎక్కించి తలలో నాళాలను ఫోటో తీశారు. ఎడమవైపు ఓ రక్తనాళం గోడ పలచబడి, సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు బుడగలా ఉబ్బింది. కొద్దిగా రక్తం కారి ఆగింది. రెండోసారి కారితే మనిషి దక్కదన్నారు. ఆరోగ్యశ్రీ కింద మా ఆసుపత్రిలో చేర్చారు.

సర్జన్ కృష్ణంరాజు గారు చేయి తిరిగిన మనిషే. అది కాదనను. ఆవిడకూ సత్యానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "బుడగ మెడకు చిన్న క్లిప్పు పెట్టి మూసేస్తాం. అది మాట పుట్టే చోటుకి రక్తం తీసుకెళ్లే నాళం. పక్కనే చిన్న చిన్న కొమ్మలుంటాయి. వాటిలో ఏదైనా నొక్కుకుపోతే మాట పోవచ్చు, కుడి చెయ్యి పోవచ్చు. జాగ్రత్తగానే చేస్తాం" అన్నాడు.

పోతమ్మ మంచం మీద నుంచే చేతులు జోడించింది. "పేనం పోతే పోనాదిలే బాబూ. నోరు మాత్రం సూసుకోండి. నోరు నేకపోతే నాను సేపలెలగ అమ్మీది? ఈ మొగుడ్నెలగ తిట్టీది?" అంది. డాక్టరుగారు కూడా నవ్వాడు. నవ్వులాటకు అన్నమాట కాదని నాకు తెలుసు. ఆవిడకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రం డ్యూటీ అయ్యాక పలకరిద్దామని వార్డుకు వెళ్లాను. మత్తు డాక్టర్ల జట్టులో కొత్తగా చేరిన డాక్టర్ ధనశ్రీ ప్రశ్నలు అడుగుతోంది. కట్టుడు పళ్లున్నాయా, ఆయాసం వస్తుందా, ఇంతకుముందు ఆపరేషన్లు అయ్యాయా. అదే వరసలో, అదే గొంతుతో, "రొయ్యలు, పీతలు తింటే ఒంటికి ఏమైనా అవుతుందా అమ్మా?" అంది. ఎందుకు అడుగుతోందో చెప్పలేదు. ఆ డాక్టరమ్మ చూడాల్సిన మంచాలు ఇంకా చాలా ఉన్నాయి.

జవాబు చెప్పింది పోతమ్మ కాదు. ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ సత్యం చెప్పాడు. "రొయ్యలు దీనికి పడవండి. ఒల్లంతా దద్దుర్లే. ముట్టుకోదు" అన్నాడు, పెళ్లాం గురించి ఒక్క సంగతైనా తనకు తెలిసినందుకు గర్వపడుతున్నట్టు.

పోతమ్మ అతని వైపు చూసింది. రేపు తల కోయించుకోబోయే మనిషి. మొగుడి ఎదురుగా ఆ మొక్కు ఎలా విప్పుతుంది? "అవును బాబూ" అంది. అత్త అప్పాయమ్మ మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ ముసలామెకు నిజం తెలుసు. ఆమె చీర కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. నేనక్కడే ఉన్నాను. వీధంతా నమ్మినట్టే నేనూ నమ్మాను, కాబట్టి నాకందులో వింత కనబడలేదు.

ఇప్పుడు థియేటర్లో ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి. క్లిప్పు పెట్టాక బుడగ నిజంగా మూసుకుందా, పక్క కొమ్మల్లో రక్తం పారుతోందా అని చూడ్డానికి ఆకుపచ్చ మందు ఒకటి ఉంది. మేం దాన్ని గ్రీన్ అంటాం. దాన్ని చేతి నరంలోకి ఎక్కిస్తారు. నేను మైక్రోస్కోపు మామూలు దీపం ఆపి కంటికి కనబడని వెలుతురు వేస్తాను. తెర మొత్తం చీకటైపోతుంది. మనిషి గుండె కొన్నిసార్లు కొట్టుకునేలోగా ఆ చీకట్లో నాళాలు ఒక్కొక్కటే తెల్లగా వెలుగుతాయి. రక్తం పారేది వెలుగుతుంది, పారనిది నల్లగా ఉండిపోతుంది. వెలగవలసిన కొమ్మ వెలగకపోతే డాక్టరు అప్పటికప్పుడే క్లిప్పు తీసి కొంచెం జరిపి పెడతాడు. మళ్లీ వెలుగుతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ వెలుగు వచ్చేటప్పుడు నా ఊపిరి ఆగుతుంది. అలా జరిపించుకుని, నడుచుకుంటూ ఇంటికెళ్లినవాళ్లను బోలెడంత మందిని చూశాను.

పోతమ్మ బుడగకు క్లిప్పు పడింది. కృష్ణంరాజు గారు తల ఎత్తకుండానే "గ్రీన్ ఇవ్వండి" అన్నాడు. నా చెయ్యి అప్పటికే మీట మీద ఉంది.

"సర్, రొయ్యలు పడవని రాసుంది. రొయ్యల్లో ఉండే అయోడినే గ్రీన్‌లోనూ ఉంటుంది కదా" అంది ధనశ్రీ.

"ఎంత పడవు?"

"ఒళ్లంతా దద్దుర్లట సర్."

ఆయన మైక్రోస్కోపులోంచి తల ఎత్తాడు. తల తెరిచి ఉన్న మనిషికి మందు పడక బీపీ పడిపోతే ఎవరి వల్లా కాదు, ఆ భయం నాకు తెలియనిది కాదు. "వద్దులే. ఎందుకొచ్చిన రిస్కు" అన్నాడు. రక్తం చప్పుడు వినిపించే సన్నటి పెన్నులాంటి పరికరం అడిగి పెద్ద నాళం మీద ఆనించాడు. బుస్ బుస్ మని చప్పుడు బాగానే వచ్చింది. క్లిప్పు వెనక దాక్కున్న సన్న కొమ్మకు ఆ పెన్ను చేరదు. మైక్రోస్కోపులో తొంగి తొంగి చూసి, "బాగానే ఉన్నట్టుంది" అని మూసేశాడు. నేను మీట మీద నుంచి చెయ్యి తీసేశాను.

బాగా లేదు. పోతమ్మకు మెలకువ వచ్చింది, కళ్లు తెరిచింది, మమ్మల్ని గుర్తుపట్టింది. కుడి చెయ్యి లేవలేదు. "అక్కా, నా పేరేంటి?" అన్నాను. ఆవిడ పెదాలు కదిలాయి. నాలుక అటూ ఇటూ తడుముకుంది. "అదే" అంది. మళ్లీ "అదే, అదే" అంది. ఏం చెప్పబోయినా అదొక్కటే వచ్చింది. ఎదుటివాళ్లు అన్నది అంతా అర్థమవుతోంది, తన నోట్లోంచి వస్తున్నది తప్పని కూడా తెలుస్తోంది. ఎడమ చేత్తో తన నోటిని తనే కొట్టుకుంది. నర్సు ఆ చెయ్యి పట్టుకుంటే ఆమెనూ తోసేసింది. ఆ రోజు నేను థియేటర్ బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మళ్లీ స్కాన్ తీశారు. కొమ్మ నొక్కుకుపోయింది, అది తడిపే మెదడు భాగం అప్పటికే చచ్చిపోయింది. కృష్ణంరాజు గారు సత్యాన్నీ అప్పాయమ్మనూ గదిలోకి పిలిచి చెప్పాడు. "రంగు ఎక్కించి చూసుంటే అప్పుడే తెలిసేది. క్లిప్పు జరిపేవాళ్లం. కానీ ఈవిడకి రొయ్యలు పడవన్నారు కదా. అందుకని ఇవ్వలేకపోయాం" అన్నాడు.

అప్పాయమ్మ ముందుకొచ్చింది. "పడకపోడవేటి బాబూ!" అంది. "దానికేటీ అవదు. అది మొక్కు! ఈడు బోటుతో కొట్టుకుపోతే ఈడి కోసరం వదిలీసింది. ముందే సెప్పీసుంటే దాని నోరు దక్కీదా? దక్కీదా సెప్పండి!" అని అరిచింది. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడన్నది అన్నాక గాని గుర్తు రాలేదు. కొంగుతో నోరు నొక్కుకుంది. చెవిన పడకూడనివాడి చెవిన పడిపోయింది.

డాక్టరుగారికి మాత్రం ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. "అంటే అబద్ధం చెప్పారా?" అని గొంతు పెంచాడు. "ఆసుపత్రిలో అబద్ధాలు చెబితే మేమేం చెయ్యాలమ్మా?" అన్నాడు. ఇంకేముంది, ఆ క్షణం నుంచీ తప్పంతా పోతమ్మదే. వార్డులో ఆయాల దగ్గర్నుంచి హార్బర్లో ఐసు గడ్డలు కొట్టేవాళ్ల దాకా అదే మాట. అబద్ధమాడింది, నోరు పోగొట్టుకుంది. గంగమ్మే నోరు కట్టేసిందని కొందరు. రొయ్యలు పడవని నోరారా చెప్పినవాడు సత్యమని ఒక్కరికీ గుర్తు లేదు. సత్యానికి అసలే లేదు.

ఇంటికి తీసుకెళ్లాక ఇంకో దరిద్రం మొదలైంది. మొక్కు తెగిపోయిందని తెలిశాక సత్యానికి సముద్రమంటే భయం పట్టుకుంది. బోటు నడిపే వీర్రాజు కూడా "కొన్నాల్లు ఆగు బావా. మిగతావోల్లు బెదురుతన్నారు" అని మెల్లగా తప్పించాడు. సత్యం ఇంటి ముందు గోడకు ఆనుకుని కూర్చోవడం, తాగడం, వచ్చేపోయేవాళ్లతో "నాను మొక్కమన్నానా? నాకు సెప్పకుండా మొక్కి, నా మెడకి కట్టి, తన నోరు పోగొట్టుకుంది. ఇప్పుడు నన్నూ ముంచీసింది" అనడం. ఆవిడ లోపల నుంచి వింటూనే ఉండేది. తిరగబడి తిట్టడానికి ఆవిడ దగ్గర ఉన్న మాట "అదే" ఒక్కటి. అప్పాయమ్మ ఆ వయసులో మళ్లీ గంప ఎత్తింది. ఆమె గొంతుకి మా వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోదు.

ఇది జరిగాక కొన్ని నెలలకు మా ఆసుపత్రికి బయట నుంచి ఓ పెద్ద మత్తు డాక్టరు వచ్చి మా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. మాటల్లో మాటగా నవ్వుతూ అన్నాడు. రొయ్యలు పడకపోవడానికీ ఈ రంగుకీ ఏ సంబంధమూ లేదట. రొయ్యలు పడనివాళ్లకు పడనిది వాటి మాంసంలోని ప్రోటీనట. అయోడిన్ అందరూ రోజూ ఉప్పులో తింటూనే ఉన్నారు కదా అన్నాడు. ఈ పాత భయం ఇంకా చాలా ఆసుపత్రుల్లో మిగిలి ఉందన్నాడు. "అంతెందుకు, బుడగ కనిపెట్టడానికి ముందు స్కాన్ తీస్తారు కదా, దాంట్లో ఎక్కించేది అయోడిన్ మందే. అప్పుడేమీ కాలేదంటే ఇంకా భయమెందుకు?" అన్నాడు.

నాకు ఆ మొదటి స్కాన్ గుర్తొచ్చింది. పోతమ్మకు స్కాన్ సెంటర్లో ఆ మందు ఎక్కించారు. దద్దు కాదు కదా, దురద కూడా రాలేదు. అంటే ఆవిడ అబద్ధమాడినా గ్రీన్ ఇవ్వొచ్చు. ఆ అబద్ధం నిజమే అయినా ఇవ్వొచ్చు. నేను కృష్ణంరాజు గారి వైపు చూశాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. మర్నాటి నుంచి మా వార్డుల్లో ఆ రొయ్యల ప్రశ్న అడగడం మానేశారు. అంతే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నేను ఆయన గదికి వెళ్లాను. "సర్, ఆవిడ తప్పు కాదని మీరొకసారి వాళ్లకు చెబితే బాగుంటుంది" అన్నాను. "చెబితే మాట వస్తుందా తాతబాబూ? వాళ్లేదో సర్దుకుని ఉంటారు. ఎందుకు కెలకడం?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, చాలా దయగా అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం జాలరిపేట వెళ్లాను. ముగ్గురినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివర దాకా చెప్పాను. మొక్కు వల్ల కాదు, అబద్ధం వల్ల కాదు, మా వాళ్ల తెలివితక్కువ భయం వల్ల పోయిందని చెప్పాను. ఆ మాట వింటే ఆ ఇంట్లో ఎవరైనా పోతమ్మ చెయ్యి పట్టుకుంటారని ఆశపడ్డాను.

అప్పాయమ్మ నా వైపు జరిగింది. "అయితే నాను ఆ గదిలో నోరు జారకపోయినా ఒకటేనా?" అంది. "దాని నోరు ఎలాగా రాదు. నా కొడుకు మొక్కు ఊరికినే తెంపీసేనా?" అని రొమ్ము మీద కొట్టుకుంది.

సత్యం కన్నెర్ర చేశాడు. "ఇయన్నీ ఇప్పుడెందుకు బావా? ఎవుడి తప్పయితే ఏటి, మొక్కయితే తెగిపోయింది కదా. నాను సముద్రం మీదకెలగ ఎల్లీది?" అన్నాడు.

తల్లికి కొడుకు బాధ, కొడుక్కి బోటు బాధ. పోతమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నేను చెప్పింది ఆవిడకు పూర్తిగా అర్థమైంది, నా వైపు చూసి తలూపింది కూడా. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వాళ్లలో ఒక్కరూ ఆ నీళ్లు చూడలేదు.

అప్పాయమ్మ లేచి అందరికీ కంచాలు పెట్టింది. నన్నూ తినమంది. అన్నం, కానాగంత చేపల పులుసు. పోతమ్మ ఎడమ చేత్తో తన కంచంలోని చేప ముక్క తీసి అత్త కంచంలో వేసింది. అత్త పులుసు గిన్నె తెస్తే చేత్తో అడ్డుపెట్టి తోసేసింది. మొగుడి వైపు ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి నుదుటికి తాకించుకుంది. తర్వాత ఉత్త అన్నం ముద్ద కట్టుకుని తింది. పుట్టిన దగ్గర నుంచీ చేప లేకుండా ఒక్క పూటా తినని మనిషి.

"అక్కా, వద్దు. నీ తప్పు లేదని చెప్పడానికే వచ్చాను" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినిపించింది. అప్పాయమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుని, ఇంకేమీ అనొద్దని కళ్లతో బతిమాలింది. అడక్కూడదు, చెప్పకూడదు. సత్యం తల దించుకుని తింటున్నాడు. అడగలేదు. పులుసు మరి కాస్త వేయించుకున్నాడు.

మూడో రోజు హార్బర్ నుంచి మా వీధికి కబురొచ్చింది, సత్యం మళ్లీ వీర్రాజు బోటు ఎక్కుతున్నాడని. నేను డ్యూటీకి పోతూ జాలరిపేట మీదుగా వెళ్లాను. అతను గుమ్మం ముందు నిలబడి వలల సంచి భుజానికి ఎత్తుకుంటున్నాడు. తాగి లేడు. చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాడు. లోపల చాప మీద పోతమ్మ కూర్చుని ఉంది.

"భయం పోయిందా బావా?" అన్నాను.

అతను నా దగ్గరకు వచ్చి, గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించి నవ్వాడు. "అది మల్లీ ఏదో మొక్కీసింది బావా. ఏటని నాను అడగను. ఈపాలి మాత్రం బయటికి పొక్కదులే, ఎలగ సెప్తాది?" అన్నాడు.

గొంతు అంత తగ్గించలేదు. పోతమ్మ విన్నది.